ఇద్దరు దేముడమ్మలు

మా మేనత్త పేరు సూరాడ దేముడమ్మ. భర్త అప్పన్న. ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి ఆనుకుని ఉన్న మా ఊరే. వయసు నలభై ఐదనుకోండి, నలభై ఎనిమిదనుకోండి, ఆవిడకే తెలీదు. అడిగితే, "పెద్ద గాలివానకి నాను సంకలో పిల్లనట. మరి నువ్వే లెక్కేసుకో" అంటుంది. ఏ గాలివాన అని అడిగితే విసుక్కుంటుంది. మా తీరంలో గాలివానలకి కొరతా? ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఈ నాలుగు ముక్కలే చేతికొచ్చాయి. ఒకరోజు సరిగ్గా ఈ నాలుగు ముక్కలే నా ముందుకొచ్చాయి. వాటితో నేనేం చేశానో చెప్పకుండా ఆవిడ గురించి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది.

మా ఊళ్ళో ముప్పాతిక మంది ఇంటిపేరు సూరాడ. ఆడవాళ్ళలో ఏ ముగ్గురిని పిలిచినా ఒకావిడ దేముడమ్మ, మగవాళ్ళలో ఏ నలుగురిని పిలిచినా ఒకడు అప్పన్న. కాబట్టి ఏ అప్పన్నకో ఏ దేముడమ్మనో కట్టబెట్టడం మా ఊళ్ళో వింతేం కాదు. మాకు దీంతో ఏ ఇబ్బందీ లేదు. ఎవరి గుర్తు వాళ్ళకుంది. మా అత్త గంపల దేముడమ్మ. మూడిళ్ళ అవతల ఉండే ఆవిడ కొత్తింటి దేముడమ్మ. ఆవిడ మొగుడూ అప్పన్నే. ఆవిడ ఇల్లు కట్టి ఇరవై ఏళ్ళయినా ఇంకా కొత్తిల్లే. ఉత్తరాలు తెచ్చే పైడయ్యకి ఇవన్నీ కంఠతా వచ్చు. పై ఊరివాళ్ళకే తెలీదు.

అత్త ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఆటోలో పలాస దిగితే బజారుకి తెలిసిపోయేది. ఆవిడ గొంతు అలాంటిది. బేరమాడే వాళ్ళని ముందు తిట్టి, తర్వాత నవ్వించి, చివరికి తను చెప్పిన ధరకే ఇచ్చేది. మా అమ్మ నేను ఏడో తరగతిలో ఉండగా పోయింది. ఆ తర్వాత నా కడుపు చూసిందంతా అత్తే. నేను పలాసలో డిగ్రీ చదివినన్నాళ్ళూ వారానికోసారి నా గది ముందు గంప దించి, అరటాకులో చుట్టిన నెత్తళ్ళ చేపల వేపుడు చేతిలో పెట్టేది. సొంత కొడుకు ఢిల్లీబాబు గుజరాత్ బోట్ల మీద పనికి పోతే, ఆ ముద్దు కూడా నా మీదే ఖర్చుపెట్టింది. వీధి ఆ చివర నేను కనబడ్డా సరే, "ఒరే అల్లుడా!" అని కేక పెట్టేది. జీడిపప్పు కంపెనీలో కాటా గుమస్తాగా చేరాక ఆ కేకకి కాస్త సిగ్గేసేది. పప్పు ఒలిచే ఆడవాళ్ళంతా కిసుక్కుమనేవారు. అత్తకి మేనల్లుడు ఒక్కడే అల్లుడు. మిగతా లోకమంతా, డాక్టరైనా కండక్టరైనా, ఆవిడకి "బాబూ"యే.

కంపెనీ జీతం నాకూ, మా ఆవిడ రూపకీ, పాప ప్రవల్లికకీ సరిపోయేది కాదు. 2008లో పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో పాపారావు నెట్ సెంటరు దారి చూపించింది. పాపారావు రైలు టిక్కెట్లు తీసేవాడు, హాల్ టిక్కెట్లు ప్రింటు తీసేవాడు, మధ్యలో లోకజ్ఞానం పంచేవాడు.

"తమ్ముడూ, నీకు ఇంగ్లీషు సదవడం వొచ్చు గదా. ఇలగ కూకుని ఇది నొక్కుకో. తెర మీద ఏటున్నాదో సూడ్డం, నొక్కడం. అంతే మరి. డబ్బులు నా అకౌంటుకొత్తాయి, నా వాటా తీసుకుని నీకిచ్చీత్తాను."

మొదట వంకరటింకర అక్షరాలు చూసి టైపు కొట్టే పని. తర్వాత ఫొటోల పని. ఈ ఫొటోలో పిల్లి ఉందా, లేదా? ఉంటే ఉందని, లేకపోతే లేదని నొక్కాలి. ఒక్కో నొక్కుడికి కొన్ని పైసలు. అత్తకి చెబితే నమ్మలేదు.

"పిల్లి ఉన్నాదని సెప్తే డబ్బులిత్తారా? ఆలని మన సేపలకాడికి రమ్మనొరే. రోజుకి ఇరవై పిల్లుల్ని సూపిత్తాను" అంది.

నవ్వాం గానీ, ఆ డబ్బులు నిజం. వాటితో నేను మొట్టమొదట కొన్నది ఏమిటో తెలుసా? నీళ్ళు. మా ఉద్దానంలో ఏ వీధిలోకి వెళ్ళినా కాళ్ళు వాచి గుమ్మంలో కూర్చున్న మనిషి ఒకరు కనబడతారు. కిడ్నీలు పోవడానికి నీళ్ళే కారణమని కొందరు, కాదని కొందరు. ఎవరి మాట నిజమో నాకు తెలీదు గానీ నా భయం నాది. కాశీబుగ్గలో మేముండే అద్దె ఇంటికి రెండ్రోజులకో డబ్బా చొప్పున ప్లాంటు నీళ్ళు వేయించుకున్నాను. అత్త ఒకసారి ఆ నీళ్ళు తాగి, "సప్పగా ఉన్నాయొరే. నీళ్ళల్లో ఉప్పు నేకపోతే నీళ్ళేటి?" అని మొహం చిట్లించింది. ఊళ్ళో నూతి నీళ్ళే తాగింది. ఆవిడకీ ఒక డబ్బా వేయిద్దామని నాకు తోచలేదు. తోచినా వేయించేవాణ్ణో లేదో.

2009 మొదట్లో కొత్త పని వచ్చింది. తెర మీద పక్కపక్కన రెండు చీటీలు. ఒక్కో చీటీలో పేరు, భర్త లేదా తండ్రి పేరు, వయసు, ఊరు. కింద రెండు బొత్తాలు. ఇద్దరూ ఒక్కరే, లేదా ఇద్దరూ వేరు. ఆరోగ్య సర్వేలో ఒకే మనిషి పేరు రెండుసార్లు ఎక్కితే ఏరి పారెయ్యడానికట. మొదటిరోజే ఊళ్ళ పేర్లు చూసి ఉలిక్కిపడ్డాను. కవిటి వైపువి, బారువ వైపువి, అన్నీ మావే. ఆ ముందు చలికాలంలో ఏదో సంస్థ వాళ్ళు వచ్చి బళ్ళలో బల్లలు వేసి, ఊరూరా అందరి దగ్గరా రక్తం తీసుకెళ్ళారు. ఆ రక్తం తాలూకు పేర్లే ఇవి. ఎక్కడి కంప్యూటరు, ఎక్కడి పలాస! తిరిగి తిరిగి మా పేర్లు మా దగ్గరికే వచ్చాయని సంబరపడ్డాను కూడా.

మొదటి రెండ్రోజులూ నిజాయితీగా చేశాను. ఒకే పేరు, ఒకే మొగుడి పేరు ఉన్నా, మత్స్యకారుల ఊరైతే 'వేరు' అనే నొక్కాను. వేరు అంటే ఊరుకోదు ఆ పెట్టె. ఎందుకు వేరో కారణం టైపు కొట్టమంటుంది. ఒక్కరే అంటే ఒక్క నొక్కుడు, అయిపోయింది. డబ్బులు మాత్రం రెండింటికీ ఒకటే. అయినా కొట్టాను. 'ఇక్కడ పేర్లు ఇలాగే ఉంటాయి' అని నాకొచ్చిన ఇంగ్లీషులో యాభైసార్లు కొట్టుంటాను.

మూడోరోజు తెర మీద ఎర్రగా హెచ్చరిక. ప్రతి జతనీ ముగ్గురికి చూపిస్తారట. ఇద్దరు ఏదంటే అదే ఖాయం. మూడోవాడిది తప్పు. ఆ మిగతా ఇద్దరూ ఏ ఊళ్ళో కూర్చున్నారో, వాళ్ళకి గంపల దేముడమ్మ తెలుసా, కొత్తింటి దేముడమ్మ తెలుసా? అన్నీ ఒక్కరే అని నొక్కేసి పోతున్నారు. తప్పు నాకు పడుతోంది. ఎన్ని సరిగ్గా నొక్కానో చెప్పే నా ఎక్యురసీ తొంభై ఎనిమిది నుంచి తొంభై ఒకటికి జారింది. తొంభై దాటి కిందికి పోతే అకౌంటు మూసేస్తారు, ఆ నెల చేసిందంతా పోతుంది.

"నిజం నీకెందుకు తమ్ముడూ? మిగతావోళ్ళు ఏటి నొక్కుతారో అదే నొక్కు" అన్నాడు పాపారావు. అతన్ని నేను ఈ రోజుకీ తప్పుపట్టను. అతనికి తెలీక అన్నాడు. తెలిసి విన్నది నేను.

ఆ సాయంత్రం నుంచి పని సాఫీగా నడిచింది. ఒక్కరే, ఒక్కరే, ఒక్కరే. ఎక్యురసీ మెల్లగా పైకెక్కింది.

ఆదివారం మధ్యాహ్నం. పక్క కుర్చీలో ఎవరో కుర్రాళ్ళు క్రికెట్ స్కోరు చూస్తున్నారు. తెర మీద కొత్త జత పడింది. సూరాడ దేముడమ్మ, భర్త అప్పన్న, నలభై రెండు, మా ఊరు. సూరాడ దేముడమ్మ, భర్త అప్పన్న, నలభై ఐదు, మా ఊరు.

నా చెయ్యి ఆగింది. ఆగలేదని చెప్పుకుంటే బాగుండును. అలవాటుగా నొక్కేశాను, చూసుకోలేదు అని చెప్పుకోవచ్చు. కానీ ఆగింది. మూడిళ్ళ దూరం కళ్ళ ముందు కనబడింది. కొత్తింటి అరుగు, ఆ పక్క రెండిళ్ళు, తర్వాత అత్త వాకిట్లో ఎండబెట్టిన చేపలు. 'వేరు' అని నొక్కి కారణం కొట్టడానికి అర నిమిషం చాలు. నా ఎక్యురసీ ఆవేళ తొంభై రెండు. ఒక్క తప్పుకి పడిపోదు. అయినా పెరుగుతున్న అంకె మీద నాకు మోజు కలిగింది. ఇంకా ఇద్దరున్నారు కదా, నా ఒక్కడి నొక్కుడుతో ఏమవుతుంది, ఇవన్నీ కాగితాల గొడవలు అనుకున్నాను. ఒక్కరే అని నొక్కాను. తర్వాతి జత వచ్చింది.

మే నెలలో సర్వేవాళ్ళ కార్డులు వచ్చాయి. రక్తంలో తేడా ఉన్నవాళ్ళకే కార్డు వస్తుందని, వాళ్ళు మళ్ళీ పరీక్షకి రావాలని, కార్డు రానివాళ్ళు బాగున్నట్టేనని ఊరంతా దండోరా వేశారు. నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను. బడి గోడకి జాబితా అంటించారు. వేలుపెట్టి చదువుకుంటూ పోయాను. రక్తమిచ్చిన వాళ్ళలో సూరాడ దేముడమ్మ, భర్త అప్పన్న, ఒక్కరే ఉన్నారు. వయసు నలభై రెండు. అది కొత్తింటి ఆవిడ. ఎదురుగా ఏ జబ్బూ లేదని రాసుంది. మా అత్త రక్తం ఏమైందో, ఏం చెప్పిందో, ఆ గోడ మీద లేదు.

నేను జాబితా ముందు నిలబడి ఉండగానే వెనకనుంచి కేక వినబడింది.

"ఒరే అల్లుడా! నాకు కార్డు రానేదొరే!"

నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. "ఈది ఈదంతా ఒచ్చినాయి. ఎర్రమ్మకొచ్చినాది, ఆల మొగుడికొచ్చినాది. నాకు రానేదు. నానింకా ఇరవై ఏళ్ళు గంపలు మోసీగల్ను. ఏటలగున్నావు? సంతోసం నేదా నీకు?"

"మంచిదే అత్తా" అన్నాను.

నా తప్పు ఆ బొత్తాం దగ్గర ఉందని అందరూ అనుకోవచ్చు. నాకు తెలుసు, అసలు తప్పు ఇక్కడుంది. 'అత్తా, పలాసలో ల్యాబుంది, రేపొకసారి రక్తం చూపిద్దాం రా' అంటే సరిపోయేది. ఎందుకురా అని అడిగేది. ఏం చెప్పను? అబద్ధం ఒకటి అల్లినా సరిపోయేది. ఆ పాటి తెలివి లేని వాణ్ణా నేను? భయపడ్డాను. కార్డు రాలేదంటే బాగానే ఉందేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాయంత్రం ఆవిడ నా సంచీలో కేజీ నెత్తళ్ళు కుక్కింది. వద్దంటే తిట్టింది. తీసుకొచ్చి తిన్నాం.

ఆ తర్వాత నేను నెట్ సెంటరుకి వెళ్ళడం తగ్గించాను. పూర్తిగా మానలేదు. నీళ్ళ డబ్బాలు వస్తూనే ఉన్నాయి.

డిసెంబరులో అత్త పలాస రావడం మానేసింది. చూడ్డానికి వెళితే గుమ్మంలో కూర్చుని ఉంది, కాళ్ళు చాపుకుని. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "నీరసమొరే, ఏటినేదు. కార్డు రానోళ్ళకి ఏటవుద్ది?" అంది. ఆ పూటే ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి పరీక్ష చేయించాను. డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"సర్వేలో మీకు తెలియలేదామ్మా?" అన్నాడు.

"కార్డు రానేదు బాబూ" అంది అత్త, తప్పు తనదైనట్టు.

"అప్పుడే వచ్చుంటే మందులతో కొన్నేళ్ళు లాక్కొచ్చేవాళ్ళం. ఇప్పుడిక డయాలిసిస్సే" అన్నాడు ఆయన నా వైపు చూసి.

అప్పుడైనా చెప్పలేదు. చెప్పలేక మరో పని చేశాను. ఆరోగ్య కేంద్రంలో నర్సు గౌరీశ్వరి గారి దగ్గరికి పోయి, సర్వే జాబితా అడిగి, నాలుగు ఆదివారాలు కూర్చుని మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెతికాను. ఏ పేరు కింద ఇద్దరు ముగ్గురు మనుషులు కలిసిపోయారో ఊరివాళ్ళనడిగి ఏరాను. పదకొండు మంది దొరికారు. వాళ్ళకి మళ్ళీ రక్తం తీశారు. అందులో నలుగురికి జబ్బుంది. ఆ పదకొండులో నేను నొక్కినవెన్నో నాకు తెలీదు. "మీలాంటోళ్ళు ఊరికొకరుంటే చాలండీ" అని గౌరీశ్వరి గారు టీ ఇప్పించారు. ఆ టీ తాగడం కన్నా కష్టమైన పని నేను చెయ్యలేదు.

వారానికి రెండుసార్లు విశాఖపట్నం ప్రయాణం. పొద్దున్నే పలాసలో రైలు, తిరిగొచ్చేసరికి సాయంత్రం. అప్పన్న మావకి కళ్ళు సరిగా కనబడవు, ఢిల్లీబాబు గుజరాత్‌లో ఉన్నాడు. కంపెనీలో సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఆసుపత్రిలో తోడు వచ్చినవాళ్ళ పేరు, వరస రాయించుకుంటారు. గుమస్తా అడిగేలోపే అత్త అందుకునేది. "నా మేనల్లుడు బాబూ. కన్నకొడుకైనా ఇంత సెయ్యడు. పలాసలో కంప్యూటర్ల ఆఫీసరు." కాటా గుమస్తానని నేను సర్దబోతే కసిరేది. పక్క మంచాలవాళ్ళకి కూడా నన్ను పిలిచి చూపించేది. ఆ పొగడ్త మూడు నెలలు విన్నాను. ఇంక వినలేకపోయాను.

మార్చిలో ఒక సాయంత్రం, తిరుగు ప్రయాణంలో. బండి నౌపడ దాటింది. కిటికీ అవతల ఉప్పు మడులు. అత్త చెరకు ముక్క కొని సగం విరిచి నాకిచ్చింది. తను తినకూడదని గుర్తొచ్చి రెండో సగం కూడా నాకే ఇచ్చింది. అక్కడే చెప్పేశాను. పిల్లుల పని దగ్గర్నుంచి గోడ మీది జాబితా దాకా అంతా, ఏదీ దాచకుండా చెప్పాను. కోపగించుకుంటుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నిమ్మళంగా విని, ఒక్కొక్కటే అడిగింది.

"ఆ పెట్టెలో నా బొమ్మున్నాదేటి?"

"బొమ్మ లేదత్తా. పేరే. నీ పేరు, మావ పేరు, ఊరు."

"కొత్తింటోలదీ నాదీ పక్కపక్కనున్నాయి."

"ఊఁ."

"ఇద్దరూ ఒకటేనని నొక్కీసినావు."

"ఊఁ."

పూండి స్టేషను వచ్చింది, ఇద్దరు దిగారు, బండి కదిలింది.

"అందులో ఒకర్తి నానేనని గుర్తట్టినావా?"

అబద్ధం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. గుర్తుపట్టలేదంటే ఆవిడ నమ్మేది. నమ్మాలనే అడిగిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

"పట్టానత్తా" అన్నాను.

"తెలీక సేసినావేమో అనుకున్నాను" అంది. పలాస వచ్చేదాకా కిటికీ వైపే చూసింది. నేను చెయ్యి పట్టుకోబోతే, దిగడానికి కమ్మీ పట్టుకుంది.

ఇంట్లో రూపకి చెప్పాను. అంతా విని, మూలనున్న నీళ్ళ డబ్బా తీసి గుమ్మం బయట పెట్టేసింది. ఆ డబ్బులతో ఒక్క చుక్క కూడా పాప నోట్లో పొయ్యనంది.

తర్వాతి ప్రయాణం రోజు, రాదేమో, వేరే ఎవరినో తోడు తెచ్చుకుంటుందేమో అని భయపడుతూ స్టేషనుకి వెళ్ళాను. వచ్చింది. ఎప్పటిలాగే సంచీలో నాకోసం కూడా అన్నం మూట తెచ్చింది. దారంతా మామూలు మాటలే, వల ధర, ఢిల్లీబాబు ఫోను. తిట్టలేదు, దెప్పలేదు. నన్ను క్షమించేసిందనుకున్నాను. మనిషికి ఆశ అంత సిగ్గులేనిది.

ఆసుపత్రిలో గుమస్తా మారాడు. కొత్తవాడు, పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

"తోడెవరమ్మా?"

"యువరాజు" అని నా పేరు చెప్పింది అత్త.

"మీకేమవుతారు?"

నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ నన్ను చూడలేదు. వరస చెప్పడానికి ఏనాడూ తడుముకోని మనిషి, కాస్త ఆలోచించింది.

"మా ఊరబ్బాయి" అంది.

గుమస్తా రాసుకుని పుస్తకం నా వైపు తిప్పాడు. ఆ గడి పక్కన సంతకం పెట్టాను. లోపలికి పిలిచారు. అత్త లేచి, చెంగు సర్దుకుని, చేతిలో సంచీ నాకందించింది.

"ఇది అట్టుకో బాబూ" అంది. పట్టుకున్నాను.